మొగలివలస వంతు

నమోదు 1. పద్దు చిత్తు వచ్చిన రోజు

ఈ దినచర్య రాయడం నా ఉద్యోగంలో భాగం. వార్డు వినికిడి సహాయకురాలు తన పని గురించి రోజూ నాలుగు మాటలు నమోదు చేయాలని నిబంధన. నాలుగు మాటలతో సరిపెట్టుకునే గుణం నాకు పుట్టుకతో లేదు. పైగా దీన్ని ఎవరూ చదవరని నాకు ముందు పనిచేసినావిడ చెప్పి మరీ వెళ్ళింది. కాబట్టి నాకు తోచింది రాస్తాను.

పొద్దున్నే వదిన కాళ్ళు నొక్కి చూశాను. వేలు పెట్టిన చోట గుంట పడింది. వేలు తీశాక కూడా అది పూడలేదు. రక్తం కడిగించుకునే మనిషి రోజుకి ఒక చెంబుకు మించి నీళ్ళు తాగకూడదు. ఆ చెంబు నింపి ఇవ్వడం నా పని, దాన్ని సాయంత్రం దాకా లాగడం ఆవిడ పని. లాగదు. పక్కింటికి వెళ్ళి మజ్జిగ తాగి మూతి తుడుచుకుని వస్తుంది. నిలదీస్తే ‘మజ్జిగ నీల్లెలాగవుతాయే’ అంటుంది.

సూరమ్మ వదిన మా ఆయనకు అక్క. తల్లి పోతే ఆయన్ని చంకనేసుకుని పెంచిన మనిషి. ఆయన మూత్రపిండాలు పాడైనప్పుడు మా ఊళ్ళో రక్తశుద్ధి కేంద్రం లేదు. ఆవిడకు అదే జబ్బు వచ్చేసరికి ఉంది. అక్కాతమ్ముళ్ళకు తేడా అంతే. అందుకే ఆయన గోడ మీద ఫోటోలో ఉన్నాడు, ఈవిడ నా నెత్తి మీద ఉంది.

ఆఫీసుకి వెళ్ళేసరికి తెర మీద రాష్ట్ర పద్దు చిత్తు, అంటే వచ్చే ఏడాది బడ్జెట్ ముసాయిదా, వచ్చి ఉంది. మొగలివలస వార్డుకి ఎదురుగా ఒకటే వాక్యం. ‘అవసరాలు లేవు, ప్రజలు సంతృప్తిగా ఉన్నారు.’ కింద చిన్న అక్షరాల్లో రక్తశుద్ధి కేంద్రం మూసివేత. దానికయ్యే ఖర్చు, చెరువు పూడికతీత ఖర్చు, బడి పిల్లల భోజనం, అన్నీ కలిపి సాగరదీప్తి సంస్థకు ఉపశమనం కింద మళ్ళించారు. సాగరదీప్తి మా తీరం పొడుగునా ఆలోచించే యంత్రాల గోదాములు కట్టింది. వాటి వేడి చల్లార్చడానికి మా గెడ్డ వాగులో మంచినీళ్ళు పోతాయి, వేడినీళ్ళు మాకు తిరిగొస్తాయి.

ఆ కోపంలోనే మా వార్డు జవాబులు తీసి విన్నాను. నాయకుల దయాదాక్షిణ్యాల మీద జనం ఆధారపడకూడదనే కదా శ్రోత అనే యంత్రాన్ని పెట్టింది. ఏడాదికోసారి ఆ యంత్రం ఇంటింటికీ ఫోన్ చేసి, బాగున్నారా, ఏం కావాలి అని అడుగుతుంది. చెప్పిన మాటల బరువును బట్టి పద్దు పంచుతుంది. అన్ని ఊళ్ళలాగే మాకూ ఫోన్లు వచ్చాయి.

మా వార్డు పెద్ద తవిటినాయుడు గారి జవాబు ఇది.

"మాకేటి నాయినా, బాగానే ఉన్నాం. తమరు బాగున్నారా? బోయినాలయ్యాయా?"

ఆయన భార్య రక్తశుద్ధికి వెళ్ళే మనిషే. ఇక మా వదిన గారి సంగతి చెప్పనే అక్కరలేదు. దేవుడి దయవల్ల ఏమీ అక్కర్లేదని చెప్పి, ఇటువైపు వస్తే ఓసారి ఇంటికొచ్చి వెళ్ళమని యంత్రాన్ని పిలిచింది. ఒక్కరంటే ఒక్కరు బాగోలేదన్న పాపాన పోలేదు. పరాయివాడు పలకరిస్తే బాగున్నామనడం మా మర్యాద. ఆ మర్యాద మా మెడకు చుట్టుకుంది.

సంస్థలు కూడా చట్టప్రకారం పౌరులే గనక వాటికీ ఫోన్ వెళ్ళింది. సాగరదీప్తి జవాబు బహిరంగమే, అదీ విన్నాను. ఎవరో స్త్రీ గొంతు, మధ్యమధ్య పూడుకుపోతోంది. ఎదుగుదల మందగించిందట, మరో ఏడాది ఇలాగే సాగితే బతికి బట్టకట్టలేరట. ఆ సంస్థకు ప్రాణం లేదు గానీ ప్రాణభయం మాత్రం ఉంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగడం చేతనైనవాడికి అమ్మ మా కంచం కూడా లాగి పెట్టేసింది.

నమోదు 2. తాలీము

మలి వినికిడికి దరఖాస్తు పెట్టాను, ఒప్పుకున్నారు. శ్రోత మా వార్డుకి ఇంకొక్కసారి ఫోన్ చేస్తుంది. ఈసారి తప్పితే చిత్తు మీద ముద్ర పడుతుంది.

సాయంత్రం జీడిపిక్కల షెడ్డులో అందరినీ కూర్చోబెట్టాను. కేంద్రంలో మిషన్లు నడిపే జోగారావు కూడా వచ్చాడు. నేనే శ్రోతనని చెప్పి ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టాను. బాగున్నారా అన్నాను. బాగున్నామన్నారు. అలా అనకూడదని చెప్పాను. సరేనన్నారు. మళ్ళీ అడిగాను. బాగున్నామన్నారు. ఒకావిడ మాత్రం ధైర్యం చేసి "మోకాలు కొంచెం..." అంది. పక్కనున్న కోడలు మోచేత్తో పొడిచేసరికి ఆ మోకాలు కూడా నయమైపోయింది.

జోగారావు లేచి, మిషన్లు తీసేస్తే ఇక్కడ కూర్చున్నవాళ్ళలో సగంమంది వానాకాలం చూడరని మొహమ్మీదే చెప్పాడు. చివరికి తవిటినాయుడు గారు గొంతు సవరించుకున్నారు.

"అమ్మా దమయంతీ, ఏటనుకోకు. దీపం ఎట్టిన ఏల నా నోటితో నాను నా ఇల్లు బాగోనేదని ఎలాగనను? పైన తథాస్తు దేవతలుంటారు. ఆల్లు ఊఁ అనీసారంటే నీ యంత్రం ఇచ్చే డబ్బు దేనికి?"

చిన్నప్పుడు దగ్గొచ్చి చచ్చిపోతున్నానంటే మా అమ్మ నా నోటి మీద కొట్టి, ‘శతాయుష్షు’ అని మూడుసార్లు అనేది. ఇక్కడ కూర్చున్నవాళ్ళందరి నోళ్ళ మీదా అలాంటి అమ్మలే కొట్టారు. సాగరదీప్తికి అమ్మ లేదు. అందుకే దాని నోటికి అడ్డు లేదు.

ఇంటికి వస్తూ నేను ఏడ్చాను. వదిన చూసి కూడా చూడనట్టు నడిచింది. ఆవిడ నాలుగడుగులకోసారి ఆగుతోంది, ఆయాసం కాదట, తీగమల్లి వాసన బాగుందట.

నమోదు 3. వదిన ఉపాయం

పొద్దున్న చెంబు ఇస్తుంటే వదినే మాట ఎత్తింది.

"ఉన్నోల్ల కోసం ఏడిస్తే దోసం. పోయినోల్ల కోసం ఊరంతా ఏడవొచ్చు. అప్పుడేటన్నా తప్పునేదు కదా. నీ యంత్రం ఫోన్ సేసినప్పుడు అలాగ ఏడుద్దాం."

ఎవరి కోసం అన్నాను. కేంద్రం కోసమంది.

నేను చెంబు కింద పెట్టేశాను. మా వైపు చావింట్లో ఆడవాళ్ళు రాగం తీసి ఏడుస్తారు. ఏడుపంటే ఏడుపు కాదు, అందులో పోయినవాళ్ళ కథ, ఉన్నవాళ్ళ కష్టం, తిన్నదీ తిననిదీ, అత్తగారి మాటలూ, మొగుడి దెబ్బలూ అన్నీ వస్తాయి. మామూలు రోజున పెదవి దాటని మాటలు శవం ముందు ఏరులై పారతాయి. ఆ విద్యలో మా వదినను మించినవాళ్ళు చుట్టుపక్కల లేరు. పొరుగూళ్ళవాళ్ళు కూడా కబురు పెట్టేవారు. కేంద్రం పోయినట్టే అనుకుని ఏడిస్తే తథాస్తు దేవతలకు పని ఉండదు, శ్రోతకు మాత్రం కష్టమంతా వినపడుతుంది.

ఊరంతా ఒప్పుకుంది. తవిటినాయుడు గారు కూడా, మనిషి మీద కాదు గనక పరవాలేదన్నారు. ఫోన్లన్నీ కేంద్రం వరండాలో పెట్టి శ్రోత పిలిచే వేళకి కూర్చున్నాం. ఫోన్లన్నీ ఒక్కసారే మోగాయి. వదిన మొదలుపెట్టింది.

"నా రగతం కడిగిన తల్లీ, నాకన్నా ముందు నువ్వెల్లిపోనావా. మంగలారం వొస్తే నానెవులింటికెల్లాల తల్లీ. నా తమ్ముడికి నువ్వు దొరకనేదు, నాకు దొరికి నిలవనేదు..."

మిగతావాళ్ళు అందుకున్నారు. ఉప్పు నీళ్ళ బావుల సంగతి వచ్చింది, అన్నం సయించని రోజులు వచ్చాయి, జీడితోటల్లో పనికి వెళ్ళి కళ్ళు తిరిగి పడిపోయిన సంగతులు, పిల్లల పెళ్ళికి దాచిన నగలు మందుల కొట్టుకు పోవడం, అన్నీ వచ్చాయి. నేను కూడా మా ఆయన్ని తలుచుకుని ఏడ్చాను. మొగలివలస పుట్టాక యంత్రానికి నిజం చెప్పింది ఈరోజే. ఆఖర్న ఫోన్లన్నిటిలోంచీ శ్రోత ఒకే గొంతుతో, మీ మాటలు విన్నాను, చాలా బరువుగా ఉన్నాయి అంది.

అందరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వాం. వదిన ఆ సంబరంలో నా కళ్ళముందే మజ్జిగ తాగింది, నేనేమీ అనలేదు.

నమోదు 4. జవాబు

శ్రోత తీర్పు వచ్చింది. ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను.

‘మొగలివలస రక్తశుద్ధి కేంద్రం ఇప్పటికే లేదని వార్డు ప్రజలు ఏకగ్రీవంగా తెలిపారు. లేని కేంద్రానికి కేటాయింపు ఉండదు. మీ నష్టానికి ప్రభుత్వం ప్రగాఢ సంతాపం తెలుపుతోంది.’

శ్రోతకు బరువుగా అనిపించింది మా కష్టం కాదు, మేం ఏడ్చిన చావు.

మధ్యాహ్నానికే లారీ వచ్చింది. మూసివేత కొత్త ఏడాదికని చిత్తులో ఉన్నది కాస్తా వెంటనే అయిపోయింది. జోగారావు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. వాళ్ళు ఆయన్ని తొయ్యనైనా తొయ్యలేదు, పక్కకు జరగమని మర్యాదగా అడిగారు. జరిగాడు. ఆయన నా దగ్గరికి వచ్చి నిలబడి, నేను చెప్పినా వినడం లేదమ్మా, పోయిందని మీ ఊరివాళ్ళే ఏడ్చారు కదా అంటున్నారు అన్నాడు. మిషన్లను దుప్పట్లలో చుట్టి ఒక్కొక్కటీ మోసుకెళుతుంటే ఆడవాళ్ళంతా వీధిలో నిలబడి చూశారు. ఈసారి ఎవరికీ ఏడుపు రాలేదు.

పక్క జిల్లా కేంద్రంలో మావాళ్ళ పేర్లు రాయించాం. అక్కడ ఖాళీ లేదు. మా వంతు రావాలంటే అక్కడివాళ్ళలో ఎవరో ఒకరు పోవాలి. వాళ్ళ చావు కోసం మేం ఎదురు చూడాలి. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

నమోదు 5. సాక్షి

తవిటినాయుడు గారి భార్య నారాయణమ్మ పోయింది. మా వదిన పక్క కుర్చీలోనే ఆవిడ రక్తం కడిగించుకునేది. ఇద్దరూ మిషను తిరుగుతున్నంతసేపూ ఊళ్ళోవాళ్ళ గుట్టుమట్లన్నీ నెమరేసేవారు. ఆవిడ ముందు ఏడవడానికి వదిన కూర్చుంది గానీ రాగం ఎత్తలేకపోయింది. రెండు మాటలకే ఊపిరి అందలేదు. నేను పట్టుకుని లేపుకొచ్చాను. తవిటినాయుడు గారు అరుగు మీద కూర్చుని పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ, బాగానే ఉన్నానని చెబుతున్నారు.

వదిన ఇప్పుడు పడుకోలేకపోతోంది. పడుకుంటే నీళ్ళలో మునిగినట్టుంటుందట. గోడకు చేరబడి కూర్చునే కునుకు తీస్తోంది. మొహం ఉబ్బి కళ్ళు చిన్నవైపోయాయి. చెంబు నీళ్ళు సగానికి తగ్గించాను, నోరెత్తి తిట్టలేదు. తిట్టకపోతే నాకు భయం వేసింది.

మిగిలింది ఒకటే దారి. అవసరాలు లేవని తేలిన వార్డు, ముద్ర వేసే రోజున ఒక సాక్షిని రాజధానిలోని సభకు పంపవచ్చు. ప్రభుత్వానికి కృతజ్ఞతలు చెప్పడానికి పెట్టిన ఆనవాయితీ అది. ప్రతి ఏడూ ఎవరో ఒకరు వెళ్ళి రెండు ముక్కలు చెప్పి, శాలువా కప్పించుకుని, భోజనం చేసి వస్తారు. నేను వెళ్ళి అడుగుతానన్నాను. వదిన గోడ మీద నుంచి తల ఎత్తి నన్ను ఎగాదిగా చూసింది.

"నిన్ను సూసి ఎవులు నమ్ముతారే? నిమ్మపండులాగున్నావు. నానొస్తాను."

ప్రయాణంలోనే ఏమైనా అయితే ఎలాగని జోగారావు నన్ను పక్కకు పిలిచి అడిగాడు. ఇంట్లో ఉన్నా అయ్యేది అదే కదా అన్నాను. అన్నాక ఆ మాట నా నోటి నుంచే వచ్చిందా అనిపించి, ఎవరూ చూడకుండా మూడుసార్లు శతాయుష్షు అనుకున్నాను.

నమోదు 6. సభ వసారా

రాజధానికి చేరాం. ఇక్కడ ఎండలో కూడా చల్లగాలి వీస్తోంది, ఎక్కడి నుంచో తెలియదు. వదినను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తోసుకొచ్చాను. ఆ కుర్చీ నారాయణమ్మది, తవిటినాయుడు గారు ఇచ్చారు.

లోపలికి పంపేముందు ఒక గుమాస్తా నిబంధనలు చదివి వినిపించాడు. అందరికీ చదివీ చదివీ ఆయనకే విసుగు. సాక్షి మాట్లాడుతుండగా పద్దు మీద ముద్ర వేయకూడదు. వంతు మనిషిది కాదు, వార్డుది. ఒకరు ఆపితే అదే వార్డు మనిషి ఇంకొకరు అందుకోవచ్చు. మాట ఆగితే బల్ల మీది ఆకుపచ్చ దీపం పసుపు రంగుకి మారుతుంది, ఎర్రబడితే వంతు ముగిసినట్టు. చివర్న, పొద్దు కుంకేలోగా ముద్ర పడకపోతే చిత్తు రద్దవుతుందనీ, అప్పుడు యంత్రం కాకుండా సభ్యులే వార్డు వార్డుకీ వెళ్ళి, ఇళ్ళలో కూర్చుని వినాలనీ చదివాడు. కరెంటు సరిగా లేని రోజుల్లో రాసిన నిబంధనట, ఎప్పుడూ అవసరం పడలేదట. మంచినీళ్ళు అక్కడున్నాయి, భోజనం లోపల అన్నాడు.

నేను వదిన వైపు చూశాను. ఆవిడ అప్పటికే నా వైపు చూస్తోంది.

"పొద్దుకూకడానికి ఇంకా సేలా ఉందా?" అంది.

చాలా ఉందన్నాను. జోగారావుకి ఫోన్ చేసి, ఊళ్ళో మాట్లాడగలిగిన వాళ్ళందరినీ బస్సెక్కించి తీసుకురమ్మన్నాను. ఎందుకని అడగలేదు. ఎంతమందిని అని మాత్రం అడిగాడు.

సభ పక్కనే సభ్యుల కోసం చిన్న ఆసుపత్రి ఉంది. తలుపు అద్దంలోంచి చూశాను. అక్కడ రక్తం కడిగే మిషను ఒకటి ఉంది, కొత్తది, ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. వదిన మొహం చూసిన నర్సు పరుగున వచ్చింది. ఈమెను ఇప్పుడే పడుకోబెట్టాలి, సాక్ష్యం మానుకోండి అని బతిమాలింది. మంచి పిల్ల. వంతు వదులుకుంటే వెంటనే మిషను పెడతారట.

నాకు ఆవిడ కావాలి. ఈ మాట ఇక్కడ రాసి పెడుతున్నాను. ఊరూ పద్దూ తరవాత, నాకు మా వదిన కావాలి. అందుకే కాళ్ళు పట్టుకున్నాను, ఉబ్బిన కాళ్ళు. నువ్వు లోపలికెళ్ళు, నేను మాట్లాడతానన్నాను.

"నన్నొక్కదాన్ని కడిగి పంపిస్తారు. బేస్తారం మల్లా కడగాల. ఆ బేస్తారం ఎక్కడికెల్లను? మనూర్లో మిగతావోల్లు ఎక్కడికెల్తారు?" అంది. తరవాత నా బుగ్గ గిల్లింది. "నువ్వు నన్నెత్తుకెల్లి అందల పడుకోబెట్టీసావంటే నాను బతుకుతాను. బతికి నీతో మాటాడను. సూసుకో."

ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. కుర్చీ సభలోకి తోశాను.

నమోదు 7. వంతు

ఈ నమోదు నేను రాస్తున్నది కాదు. సభలో నిలబడి మాట్లాడుతున్నాను, నా మాటను యంత్రం దానంతటదే దినచర్యలోకి ఎక్కిస్తోంది. అయ్యలారా, అమ్మలారా, మీరంతా విన్నదే మళ్ళీ చెబుతున్నాను. ఏమీ అనుకోకండి, నాకిప్పుడు మాట కావాలి.

ముందు సాగరదీప్తి ధన్యవాదాలు చెప్పింది, మీరు చప్పట్లు కొట్టారు. తరవాత అధ్యక్షులవారు మా వదినను మర్యాదగా, ప్రయాణం బాగా జరిగిందా అమ్మా, బాగున్నారా అని అడిగారు. అప్పుడు ఆవిడ నోరు తెరవడం, మూయడం నేను పక్కనుంచి చూశాను. దీపం పసుపు రంగుకి మారింది. ఆ నోట్లో ఏ మాట తిరుగుతోందో నాకు తెలుసు. పుట్టినప్పటి నుంచీ అలవాటైన మాట అది. దాన్ని ఆవిడ మింగేసింది.

"బాగోనేదు బాబూ" అంది. "నాకు బాగోనేదు. రాత్రి పడుకోనేకపోతన్నాను. నారాయణమ్మ పోయింది, దానికీ బాగోనేదు, అది సెప్పనేదు. నాకు బతకాలనుంది. ముసిల్దానికి ఇంకా ఏటి ఆసని నవ్వుకోండి. నాకుంది."

ఎవరూ నవ్వలేదు. ఆ ముక్క మాత్రం మీ తరఫున నేను ఒప్పుకుంటాను.

ఆ తరవాత ఆవిడ ఆపలేదు. తమ్ముణ్ణి ఎలా పెంచిందో చెప్పింది, ఎలా పోగొట్టుకుందో చెప్పింది. మా గెడ్డ నీళ్ళు తియ్యగా ఉండేవని చెప్పింది. ఆ గోదాముల యంత్రాలకు దాహం వేస్తే గెడ్డంతా ఇచ్చారు, నేను రోజంతా ఒక చెంబుతో ఉన్నాను, మా ఇద్దరిలో ఎవరికి ప్రాణముందో చూసి పెట్టండి అంది. రాష్ట్రం పద్దంటే ఇంటి పద్దే కదా, ఇంట్లో జబ్బు మనిషి మందు మాన్పించి వాకిట్లోకొచ్చిన షావుకారుకి విందు పెట్టే ఇల్లాలు ఎక్కడైనా ఉంటుందా అని అడిగింది. దానికి మీలో ఎవరైనా జవాబు చెబుతారేమోనని ఆగింది. దీపం పసుపైంది. మీరు చెప్పలేదు. ఆవిడే మళ్ళీ మొదలుపెట్టింది.

మాటలు తగ్గిపోతే రాగం ఎత్తింది. బతికున్న మనిషి తన కోసం తానే రాగం తీసి ఏడవడం మా వైపు ఎవరూ వినలేదు. ఇప్పుడు నేను విన్నాను, మీరూ విన్నారు. ఆ మూలనున్న సభ్యులొకరు కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం నేను చూశాను. ఏడ్చినా పరవాలేదండీ, ముద్ర మాత్రం ఎత్తకండి.

ఆ రాగం మధ్యలోనే తల వాలిపోయింది. దీపం పసుపైంది. నాకు ఆవిణ్ణి పట్టుకోవాలో మాట అందుకోవాలో తెలియలేదు. రెండూ చేశాను. ఒళ్ళో ఆవిడ తల పెట్టుకుని, నా పేరు దమయంతి, మాది మొగలివలస అని అరిచాను. దీపం మళ్ళీ ఆకుపచ్చగా మారింది. అప్పుడు నర్సు వచ్చి, ఇంకో ఇద్దరు వచ్చి, ఆవిణ్ణి నా ఒళ్ళోంచి ఎత్తుకుని ఆ తలుపులోకి తీసుకెళ్ళారు. ఆవిడ నాతో మాట్లాడకపోయినా పరవాలేదు.

అప్పట్నుంచీ నేను మాట్లాడుతూనే ఉన్నాను. కిటికీలో ఎండ ఎర్రబడింది గానీ పొద్దు ఇంకా ఉంది. బస్సు రాజధాని పొలిమేరకు వచ్చి వాహనాల రద్దీలో ఇరుక్కుందని జోగారావు కబురు పంపాడట, గుమాస్తా చీటీ మీద రాసి చూపించాడు. ఆయన చూపించాల్సిన పని లేదు, అయినా చూపించాడు. బస్సులో తవిటినాయుడు గారున్నారు. ఆయన వస్తే ఈ బల్ల దగ్గర నిలబడతారు, భార్య గురించి చెబుతారు. చెబుతానన్నారట. అంతవరకూ నేనే. ఏం చెప్పమంటారు? మా వదిన వండే చేపల పులుసు గురించి చెబుతాను. మజ్జిగ గురించి చెబుతాను. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆవిడంటే నాకు పడేది కాదు, అది కూడా చెబుతాను. నేను చెప్పడం ఆపి ఆ తలుపు దగ్గరికి వెళితే ఆవిడ ఎలా ఉందో తెలుస్తుంది. వెళ్ళను. అది కొత్త మిషను, మంచిది, జోగారావు చూస్తే ముచ్చటపడేవాడు. దాని మీద ఆవిణ్ణి పడుకోబెట్టి ఉంటారు, రక్తం గొట్టంలో తిరుగుతూ ఉంటుంది.

తలుపు తీశారు. ఆ నర్సు పిల్ల వచ్చింది. అక్కడే నిలబడి నా వైపు చూస్తోంది, ఏదో చెప్పబోతోంది. ఆగమ్మా. మంచిదైనా చెడ్డదైనా ఇప్పుడే చెప్పకు, నేను మాట్లాడుతున్నాను.